మా పనికి విలువ మా ఎదుటే కట్టండి

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో జనం ఎందుకు విసిగిపోతున్నారని అడిగితే ఎక్కువమంది చెప్పే కారణాలు రెండే, పని ఎక్కువ, జీతం తక్కువ. రెండూ నిజమే, కాదనను. కానీ పదేళ్లకు పైగా ఈ రంగంలో ఉండి, కొన్నేళ్లు హైదరాబాదులో, కరోనా తర్వాత ఒంగోలులో ఇంటి నుంచి పనిచేసి, నాతోపాటు చేరినవాళ్లు ఒక్కొక్కరే రాజీనామా పెట్టి వెళ్లిపోవడం చూశాక నాకు గట్టిగా అనిపించేది వేరే ఉంది. తెల్లవారుజాము దాకా కూర్చుని కొత్త వెర్షన్ రిలీజ్ పూర్తిచేసినవాళ్లు ఆ రాత్రి గురించి పెద్దగా బాధపడరు, ఇంకా చెప్పాలంటే నలుగురూ కలిసి కష్టపడ్డ రాత్రుల్ని ఇష్టంగానే గుర్తుచేసుకుంటారు. బాధపడేది ఏడాది పనికి రేటింగ్ ఎంతో, జీతం ఎంత పెరిగిందో చెప్తూ ఏప్రిల్‌లో వచ్చే లెటర్ చూసి. అందులో ఉన్న అంకె ఎవరు వేశారో తెలియదు, ఏం చూసి వేశారో తెలియదు, అడిగితే చెప్పే నాథుడు ఉండడు. తన గురించిన నిర్ణయం తను లేని గదిలో జరిగిపోయి, కారణం లేకుండా చేతికి రావడం ఉంది చూశారా, మనిషిని లోపల్నుంచి తినేసేది అదే.

ఈ తంతు బయటివాళ్లకు తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఏడాది మొదట్లో గోల్స్ పెట్టుకోమంటారు, పోర్టల్‌లో ఏవో అయిదారు రాసుకుంటాం. మధ్యలో ప్రాజెక్టు మారుతుంది, క్లయింట్ మారతాడు, ఆ గోల్స్ వైపు మళ్లీ ఎవరూ చూడరు. చివర్లో సెల్ఫ్ అప్రైజల్ రాయమంటారు, చేసిన పనంతా గుర్తు తెచ్చుకుని రాస్తాం, మేనేజరు చదివి ఒక రేటింగ్ వేస్తారు. ఇక్కడిదాకా మనకు కనబడుతుంది. ఆ తర్వాత మేనేజర్లందరూ వాళ్ల పైవాళ్లతో కూర్చుంటారు, దాన్ని క్యాలిబ్రేషన్ అంటారు. 5 అంటే అన్నిటికన్నా పై రేటింగ్. ఇంతమందికే 5, ఇంతమందికే 4, మిగతా అందరికీ 3, కొందరికి తప్పనిసరిగా 2 రావాలి. ఎవరికి ఎంత అన్నది పనిని బట్టి కాకుండా ముందే గీసుకున్న గీతను బట్టి తేలుతుంది. దాని పేరే బెల్ కర్వ్.

ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌ను నడిపిన జాక్ వెల్చ్. మనుషుల్ని పైన 20 శాతం, మధ్యలో 70, అడుగున 10 అని విడగొట్టి ఆ అడుగు పది శాతాన్ని సాగనంపడం ఆయన సూత్రం. మైక్రోసాఫ్ట్ కూడా చాలాకాలం ఇలాంటి పద్ధతినే నడిపి, పక్కసీటువాడు బాగా చేస్తే నాకు నష్టం అనే బుద్ధి ఉద్యోగుల్లో పెరిగిపోయిందన్న విమర్శలు వచ్చాక 2013 నవంబరులో దాన్ని తీసేసింది. ఆ తర్వాతి ఫిబ్రవరిలోనే మన హైదరాబాదు సత్య నాదెళ్ల అక్కడ సీఈవో అయ్యారు. ఆయన ఫొటో పెట్టుకుని స్ఫూర్తి పాఠాలు చెప్పే కంపెనీలు మన దగ్గర చాలా ఉన్నాయి, ఆ కంపెనీ వదిలేసిన పద్ధతిని మాత్రం ఇంకా వదలనివి కూడా వాటిలో ఉన్నాయి.

లెక్కల ప్రకారం చూసినా ఇది నిలవదు. బెల్ కర్వ్ అనేది ఎవరినీ ఏరకుండా తీసుకున్న పెద్ద గుంపుల్లో కనబడే ఆకారం. వేలమంది ఎత్తు కొలిస్తే ఆ గీత వస్తుంది. మూడు నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూలు పెట్టి, వడపోసి తీసుకున్న ఎనిమిది మంది టీములో ఆ గీత ఎందుకు రావాలి? ఎనిమిది మందీ బాగా చేసి ఉండొచ్చు, ముగ్గురు సరిగ్గా చేయకపోయి ఉండొచ్చు. ఏదైనా సరే పని చూసి చెప్పాలిగానీ గీత చూసి కాదు.

మా టీములో కావలి అబ్బాయి ఒకడు ఉండేవాడు. నన్ను అక్కా అనేవాడు. మా సిస్టంలో ప్రతి అర్ధరాత్రీ తనంతట తాను నడిచే సెటిల్‌మెంట్ ప్రోగ్రాం (మేం జాబు అంటాం) ఒకటి వారానికి రెండు మూడుసార్లు మధ్యలో ఆగిపోయేది, ఎవరో ఒకరు లేచి దాన్ని మళ్లీ మొదలుపెట్టడమే తప్ప అసలు ఎందుకు ఆగుతోందో చూసే తీరిక ఎవరికీ లేదు. సంక్రాంతికి అందరం సెలవు పెడితే ఆన్‌కాల్‌లో, అంటే ఏదైనా ఆగిపోతే చూసుకునే డ్యూటీలో, వాడు ఉన్నాడు. భోగి రోజు రాత్రి కూర్చుని సిస్టం రాసిపెట్టే లాగ్ ఫైళ్లన్నీ తిరగేసి, తప్పు వచ్చినప్పుడు మాత్రం డేటాబేస్ కనెక్షన్‌ను మూయకుండా వదిలేస్తున్న కోడ్ ఎక్కడుందో పట్టుకున్నాడు. అలా వదిలేసినవి పోగుపడి పోగుపడి చివరికి కొత్త కనెక్షన్ దొరక్క జాబు ఆగిపోతోంది. మార్చింది పది లైన్లు కూడా ఉండవు. ఆ తర్వాత ఆ జాబు ఆగలేదు.

ఇక్కడే చిక్కు. అర్ధరాత్రి లేచి జాబును మళ్లీ నడిపిన ప్రతిసారీ గ్రూపులో మెసేజ్ పడేది, పైవాళ్లు చప్పట్ల బొమ్మ పెట్టేవాళ్లు. ఆగకుండా చేశాక ఇక మెసేజ్‌లు లేవు, చప్పట్లు లేవు. జరగని ప్రమాదం ఎవరికీ కనబడదు. సాఫ్ట్‌వేర్‌లో మంచి పని చాలావరకు ఇలాగే ఉంటుంది, దాన్ని గుర్తుపట్టాలంటే కోడ్ చదివే మేనేజరు కావాలి, లేదా కనీసం టీములో వాళ్లను అడిగే మేనేజరు కావాలి.

రేటింగుల సమయంలో ఒకరోజు మేనేజరు వేరే పని మీద స్క్రీన్ షేర్ చేసినప్పుడు ఒక ఎక్సెల్ షీటు కాసేపు తెరిచి ఉండిపోయింది. కాల్‌లో ఉన్న మేమందరం చూశాం. ఆ అబ్బాయి పేరు పక్కన రెండు గడులు, మొదటిదాంట్లో 4, రెండోదాంట్లో 3. ఆ పక్కన కారణం రాసే గడిలో ఒక్కటే మాట, కర్వ్. వాడూ చూశాడు. ఆ తర్వాతి వారం వన్ ఆన్ వన్‌లో, అంటే ఇద్దరే కూర్చుని మాట్లాడుకునే మీటింగులో, మేనేజరు వాడికి చెప్పిన కారణం మాత్రం వేరు. "బాగా చేశావు, కాకపోతే విజిబిలిటీ చాలలేదు, పైవాళ్ల కళ్లలో పడలేదు, వచ్చే ఏడాది దాని మీద దృష్టి పెట్టు" అన్నారట. వాడు నాకు ఫోన్ చేసి, "మూడు ఇచ్చినందుక్కాదక్కా, నాలుగు వేసి తీసేశామని చెప్పుంటే ఊరుకునేవాణ్ని, నాలో లేని లోపం ఎత్తి చూపించారు చూడూ, అదీ" అన్నాడు. కొన్ని నెలలకు వెళ్లిపోయాడు. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో ఏం కారణం రాశావురా అంటే కెరీర్ గ్రోత్ అని రాశానన్నాడు. అందరూ అదే రాస్తారు. పని వదిలేశామని ఇచ్చే రిలీవింగ్ లెటర్ పాత కంపెనీ చేతిలో ఉంటుంది, రేపు కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కు ఫోన్ చేసేదీ ఆ పాత కంపెనీకే, ఇంక నిజం ఎవరు రాస్తారు? ఆ ఫారాలన్నీ పోగేసి ఉద్యోగులు ఎదుగుదల కోసమే వెళ్తున్నారని హెచ్ఆర్ వాళ్లు రిపోర్టు తయారుచేస్తారు, పైవాళ్లు అదే నమ్ముతారు.

ఆ మేనేజరు చెడ్డ మనిషి కాదు, అది కూడా చెప్పాలి. ఆయన్ను విడిగా అడిగితే నా చేతిలో ఏం లేదమ్మా అన్నారు, డైరెక్టరు ఒప్పుకోలేదన్నారు. డైరెక్టరును అడిగితే బడ్జెట్ పైనుంచి వచ్చిందంటారు. పైవాళ్లు మార్కెట్ బాగాలేదంటారు. ఎక్కడా ఎవరి చేతిలోనూ ఏమీ లేకుండానే నిర్ణయం మాత్రం జరిగిపోతుంది, మా దాకా వచ్చేస్తుంది. జీతం పెంచలేమన్న మాట కన్నా ఈ నా చేతిలో లేదన్న మాట నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది, ఎందుకంటే పెంచలేమన్న మాట మీద కనీసం వాదించొచ్చు.

మాది టంగుటూరు దగ్గర పల్లె. నాన్న వర్జీనియా పొగాకు వేసేవాడు, చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెంట వేలం కేంద్రానికి వెళ్లినదాన్ని. బేళ్లు, అంటే పొగాకు కట్టలు, వరసగా పెట్టి ఉండేవి, ఒక్కో బేలు మీదా చీటీ, చీటీ మీద గ్రేడు. కంపెనీల తరఫున కొనేవాళ్లు వరస వెంబడి వచ్చి, ఆకు లాగి రంగు చూసి, వేళ్ల మధ్య నలిపి చూసి ధర చెప్పేవాళ్లు. రైతు అక్కడే బేలు పక్కన నిలబడి ఉండేవాడు. గ్రేడు తక్కువ పడితే నాన్న ఊరుకునేవాడు కాదు, "ఇదేంది సార్, ఈ ఆకు పట్టుకుని చూసి చెప్పండి, ఇది లోగ్రేడ్ ఎట్టా అయిద్ది" అని అడిగేవాడు. ధర గిట్టకపోతే బేలు వెనక్కి తెచ్చుకునేవాడు. రైతులందరూ కలిసి వేలం ఆపేసిన రోజులూ ఉన్నాయి. వేలం న్యాయంగా జరుగుతుందని నేననను, కొనేవాళ్లు కూడబలుక్కుని ధర పడగొడతారని మా వైపు రైతులు ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు, 2015లో ధరలు పడిపోయినప్పుడు మా జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ కష్టంతో మా కష్టాన్ని సమానం చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ నాన్న పంటకు గ్రేడు ఆయన కళ్ల ముందు పడేది. ఎందుకని అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. ఆయన అన్ని అప్పులు చేసి నన్ను ఇంజినీరింగ్ చదివించాక, నా ఏడాది పనికి పడే గ్రేడును నేను చూడ్డానికి లేదు, అడగడానికి లేదు.

రేటింగ్ ఒక్కటే అయితే ఇంత రాయను. అదే తీరు అన్నిట్లోనూ ఉంది. ఏటా ఎంప్లాయీ సర్వే పెడతారు, మీ పేరు ఎవరికీ తెలియదు, మనసులో మాట చెప్పండి అంటారు. తెరిస్తే మొదటి పేజీలోనే ఊరు, డిపార్ట్‌మెంటు, అనుభవం ఎన్నేళ్లు, ఆడా మగా అని అడుగుతారు. ఒంగోలు నుంచి పనిచేసే ఆడవాళ్లం ఆ డిపార్ట్‌మెంటులో ఎంతమందిమి ఉంటాం? పేరు రాయక్కర్లేదు, రాసినట్టే. అందుకని అందరూ అన్నిటికీ బాగుంది అని నొక్కి బయటపడతారు. టౌన్‌హాల్‌లో, అంటే కంపెనీ అందరితో పెట్టే మీటింగులో, స్కోరు పెరిగిందని స్లైడు వేస్తారు. ఎవరైనా ధైర్యం చేసి రాసిన నాలుగు మాటలు ఆ స్లైడులో ఎక్కడా ఉండవు.

ఆఫీసుకు తిరిగి రమ్మన్న మెయిల్ కూడా అంతే. శుక్రవారం సాయంత్రం వచ్చింది, వచ్చే నెల నుంచి వారానికి మూడు రోజులు హైదరాబాదు ఆఫీసులో ఉండాలని. కారణం, కలిసి పనిచేస్తే కొత్త ఆలోచనలు వస్తాయట. నా టీములో సగం మంది పుణెలో, చెన్నైలో ఉన్నారు, క్లయింట్ అమెరికాలో ఉన్నాడు. నేను ఆదివారం రాత్రి నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, సోమవారం హైదరాబాదులో ఆఫీసు సీట్లో కూర్చుని చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చేసేది ఒంగోలు మంగమూరు రోడ్డులో మా ఇంట్లో కూర్చుని చేసిన వీడియో కాల్ లాంటిదే. ఇక్కడ పెద్దవాళ్లున్నారు, పిల్లల బడి ఉంది. నిజంగా అవసరముంటే వెళ్తాం, ఇన్నేళ్లూ వెళ్లినవాళ్లమే. అద్దెకు తీసుకున్న బిల్డింగు ఖాళీగా ఉందనో, కొంతమంది తమంతట తాము మానేస్తే మేలనో అసలు కారణముంటే అది చెప్పాలి. చెప్పనప్పుడు మనమే ఊహించుకుంటాం, ఊహించుకున్నది ఎప్పుడూ చెడ్డదే అవుతుంది.

ఇక టైమ్‌షీట్లు, అంటే రోజూ ఎన్ని గంటలు పనిచేశామో మేం రాసే లెక్క. రోజుకు పన్నెండు గంటలు పనిచేసినా ఎనిమిది అనే వెయ్యమంటారు. ఎందుకంటే క్లయింట్‌తో ఒప్పందం అన్ని గంటలకే కుదిరింది, ఎక్కువ వేస్తే అంచనా తప్పిందని తెలిసిపోతుంది. సరే, వేస్తాం. మరుసటి ప్రాజెక్టుకు అంచనా కట్టేటప్పుడు చూసేది ఆ టైమ్‌షీట్లనే! పోయినసారి ఇంతమంది ఎనిమిది గంటల్లోనే పూర్తిచేశారు కదా, ఈసారి ఇంకొకరిని తగ్గించినా సరిపోతుంది అని లెక్క వేస్తారు. మేం చేసిన నాలుగు గంటల అదనపు పని కాగితం మీద లేదు కాబట్టి అసలు జరగనే లేదు. మా చేతనే అబద్ధం రాయించి, ఆ అబద్ధం ఆధారంగా మా మీద మరింత పని వేస్తున్నారు. మేనేజ్‌మెంట్ మీద నమ్మకం పోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం వెతకక్కర్లేదు.

ఇదంతా చెప్తే వచ్చే జవాబు ఒకటి ఉంది, నచ్చకపోతే మానెయ్యొచ్చుగా అని. మా ఊళ్లో బంధువులూ అదే అంటారు, "ఏసీలో కూర్చుని లక్షలు తీసుకుంటా ఇంకా ఏడుపేందమ్మా" అని. లక్షలు అందరికీ లేవు. పెద్ద కంపెనీల్లో ఫ్రెషర్ల, అంటే చదువు అయ్యి కొత్తగా చేరేవాళ్ల, జీతం పదేళ్లకు పైగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే కొట్టుకుంటోంది. 2023లో విప్రో ఏడాదికి ఆరున్నర లక్షలకు తీసుకున్న ఫ్రెషర్లను మూడున్నర లక్షలకు చేరతారా అని అడిగిన సంగతి పేపర్లన్నిట్లో వచ్చింది. మానెయ్యడం కూడా అనుకున్నంత తేలిక కాదు, చాలా కంపెనీల్లో రాజీనామా ఇచ్చాక కూడా పనిచెయ్యాల్సిన నోటీసు పీరియడ్ తొంభై రోజులు, అన్ని రోజులు ఆగే కొత్త కంపెనీ దొరకాలి, ఈలోపు ఫ్లాటు ఈఎంఐ ఆగదు. 2025 జులైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని తగ్గించుకుంటామని ప్రకటించాక మా వైపు ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో నాకు తెలుసు. ఆ భయంలో ఎవరూ నోరు తెరవరు. మౌనంగా ఉన్నారు కాబట్టి సంతోషంగా ఉన్నారని పైవాళ్లు అనుకుంటే అది వాళ్ల పొరపాటు.

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలని అన్నప్పుడు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ 90 గంటల మాట ఎత్తినప్పుడు దేశమంతా గంటల గురించే గొడవపడింది. నా అభిప్రాయంలో అసలు గొడవ గంటల దగ్గర లేదు. స్థాపకుడికి 70 గంటల పనికి ఏం వస్తుందో ముందే తెలుసు, షేర్లు ఆయనవి, నిర్ణయం ఆయనది. నాకు 40 గంటలకు ఏం వస్తుందో కూడా తెలియదు. అది తెలియనప్పుడు ఎక్కువ పనిచెయ్యమని అడిగే అర్హత ఎవరికి ఉంటుంది?

చట్టం ఏమైనా ఆదుకుంటుందా అంటే, కొంతవరకే. ఐటీ ఉద్యోగులు సంఘం పెట్టుకోవచ్చని తమిళనాడు ప్రభుత్వం 2016లోనే స్పష్టం చేసింది, కర్ణాటకలో 2017లో సంఘం వచ్చింది, 2024లో పని గంటల్ని రోజుకు 14 దాకా పెంచే ప్రతిపాదన వచ్చినప్పుడు ఆ సంఘమే వీధిలోకి వచ్చి ఎదిరించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త వేతనాల కోడ్ (జీతాల చట్టం) ప్రకారం ఉద్యోగం మానేసినవాళ్లకు రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. మంచిదే. కానీ 4 ఎందుకు 3 అయిందో చెప్పాలని ఏ చట్టంలోనూ లేదు. సంఘం అంటే మనవాళ్లు ఇప్పటికీ అది ఫ్యాక్టరీ వాళ్లకు సంబంధించినదని అనుకుంటారు. 1992లో మా పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించి, మరుసటేడు రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చేదాకా ఊరుకోలేదు. వాళ్లకు ఉద్యోగ భద్రత ఏమీ లేదు, హెచ్ఆర్ పాలసీ ఏమీ లేదు. నలుగురు కలిసి ఒకే ప్రశ్న అడగడానికి బీటెక్ చదివిన మనం ఇంత భయపడడం నాకు బాధగా ఉంటుంది.

నేను అడిగేది పెద్ద కోరిక కూడా కాదు. బడ్జెట్ లేదంటే లేదని చెప్పండి, అర్థం చేసుకుంటాం. లెటర్‌లో రెండు అంకెలూ రాయండి, మేనేజరు వేసింది, చివరికి ఖాయమైంది. రెండూ వేరైతే ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో రెండు వాక్యాలు రాయండి. ఒప్పుకోకపోతే అడగడానికి పదిహేను రోజుల గడువు ఇచ్చి, ఆ క్యాలిబ్రేషన్‌లో లేని మనిషి ఎవరైనా దాన్ని మళ్లీ చూసేలా చెయ్యండి. టైమ్‌షీట్‌లో పనిచేసిన గంటలు వెయ్యనివ్వండి, క్లయింట్‌కు ఎంత బిల్లు వెయ్యాలన్నది మీ సంగతి, అది వేరే గడిలో పెట్టుకోండి. సర్వేలో ఊరూ అనుభవమూ అడగడం మానెయ్యండి.

ఇది చదువుతున్న మేనేజర్లు కొందరు ఉంటారు, మీలో చాలామంది మా లాగే కోడ్ రాస్తూ పైకొచ్చినవాళ్లే, ఒకప్పుడు మీకూ ఇలాంటి లెటరే వచ్చి ఉంటుంది. పాలసీ మారేదాకా ఆగక్కర్లేదు. వచ్చే వన్ ఆన్ వన్‌లో ఎదురుగా కూర్చున్న మనిషికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, నేను నీకు నాలుగు వేశాను, మూడు చేశారు, నీ పనిలో లోపం లేదు అని. దానికోసం మీకు పైనుంచి మాట పడొచ్చు, నాకు తెలుసు. అయినా చెప్పండి.